స్వేచ్ఛగా తిరిగే డాల్ఫిన్లను అధ్యయనం చేయడం ఎలా?

డాల్ఫిన్ తన జీవితంలో చాలా భాగాన్ని మన కంటికి అందని చోట గడుపుతుంది. ఊపిరి తీసుకోవడానికి పైకి వచ్చినప్పుడు ఒకటి రెండు సెకన్ల పాటు వీపు, దాని మీది రెక్క కనిపిస్తాయి. ఆ వెంటనే నీళ్లు మూసుకుంటాయి. అలాంటి సెకన్లను ఏళ్ల తరబడి పోగుచేసి, వాటి నుంచి ఒక్కొక్క జంతువు వయసు, తల్లి, తోడు, తిండి, జబ్బు తెలుసుకోవడమే ఈ పరిశోధన. జీవశాస్త్రం చదువుతున్నవారు, పరిశోధక బృందంలో కొత్తగా చేరినవారు ఈ పనికి ఎలా సిద్ధం కావాలో ఇక్కడ వివరిస్తున్నాను. ఇందులోని పద్ధతుల్లో కొన్ని కెమెరాతో, నోటుబుక్కుతో చేయగలిగినవి. కొన్ని పశువైద్యులు, అనుభవజ్ఞులు పక్కన లేకుండా ఎన్నటికీ తలపెట్టకూడనివి. ఏది ఏ కోవకు చెందుతుందో ఎక్కడికక్కడ చెబుతాను.

ప్రశ్న, చోటు, అనుమతి

మొదట ప్రశ్నను చిన్నది చేసుకోవాలి. ‘డాల్ఫిన్ల ప్రవర్తన’ అన్నది ఒక శాఖ పేరే తప్ప ప్రశ్న కాదు. ‘ఈ అఖాతంలో ఏడాది పొడవునా ఉండే డాల్ఫిన్లు ఎన్ని?’ అన్నది ప్రశ్న. ‘పిల్లలున్న తల్లులు మిగతావాటి కంటే తక్కువ లోతులో వేటాడుతున్నాయా?’ అన్నది ప్రశ్న. జవాబు దొరికిందని ఎప్పుడు అనుకోవచ్చో పని మొదలుపెట్టకముందే చెప్పగలిగితే, అప్పుడు మీ ప్రశ్న సిద్ధమైనట్టు.

చోటు ఎంపిక అంతకంటే ముఖ్యం. డాల్ఫిన్ల గురించి మనకు తెలిసినదాంట్లో పెద్ద వాటా బాటిల్‌నోస్ డాల్ఫిన్ల నుంచే వచ్చింది. వీటిలో కొన్ని సమూహాలు తీరానికి దగ్గరగా, లోతు తక్కువ ఉన్న అఖాతాల్లో తరతరాలుగా ఒకేచోట ఉండిపోవడం అందుకు కారణం. అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రంలో సారసోటా అఖాతం మీద 1970లో మొదలైన అధ్యయనం నేటికీ సాగుతోంది. స్వేచ్ఛగా బతికే ఒక డాల్ఫిన్ సమూహం మీద ప్రపంచంలో ఇంతకాలంగా సాగుతున్నది మరొకటి లేదు. పశ్చిమ ఆస్ట్రేలియాలోని షార్క్ బేలో, స్కాట్లాండ్‌లోని మోరే ఫర్త్‌లో 1980ల నుంచి పని జరుగుతోంది. ఈ మూడింటికీ ఉమ్మడిగా ఉన్నది ఒకటే: చిన్న పడవలో ఉదయం బయల్దేరి సాయంత్రానికి తిరిగి రాగల దూరంలో, మళ్లీ మళ్లీ అవే జంతువులు కనిపిస్తాయి. నడిసముద్రంలో వందల సంఖ్యలో సాగిపోయే గుంపులు చూడటానికి ఎంతో బాగుంటాయి గానీ, మొదటి అధ్యయనానికి అవి తగవు. ఈరోజు చూసిన జంతువును మళ్లీ చూడగలమన్న భరోసా అక్కడ ఉండదు.

చాలా దేశాల్లో డాల్ఫిన్లకు చట్టరక్షణ ఉంది. అమెరికాలో 1972 నాటి సముద్ర క్షీరదాల రక్షణ చట్టం, భారతదేశంలో అదే ఏడాది వచ్చిన వన్యప్రాణి రక్షణ చట్టం అందుకు ఉదాహరణలు. ఫొటో కోసం దగ్గరికి వెళ్లడానికి కూడా అనుమతి అవసరమయ్యే చోట్లు ఉన్నాయి. చర్మం ముక్క తీయడానికి, పట్టుకుని పరీక్షించడానికి అయితే అనుమతితో పాటు జంతు సంక్షేమ నీతి సంఘం ఆమోదం కూడా తప్పనిసరి. దీన్ని కాగితాల పనిగా చూడకండి. షార్క్ బేలో పర్యాటక పడవల నిర్వాహకులు ఒకరి నుంచి ఇద్దరయ్యాక ఆ ప్రాంతంలో డాల్ఫిన్ల సంఖ్య సుమారు ఏడింట ఒక వంతు తగ్గిందని 2006లో వెలువడిన అధ్యయనం చూపింది. పరిశోధకుల పడవ కూడా పడవే. పైగా బెదిరినవి ఊరికే వెళ్లిపోతాయి, బెదరనివే మిగులుతాయి. మిగిలినవాటిని చూసి ‘పడవకు అలవాటుపడ్డాయి’ అని రాసుకోవడం ఈ రంగంలో సులువుగా జరిగే పొరపాటు.

పడవ మీద మొదటి నెలలు

దారిని ముందే గీసుకోండి. డాల్ఫిన్లు ఎక్కువగా కనిపించే మూలకే రోజూ వెళ్తే, చివరికి అవి ఆ మూలలోనే ఉంటాయని మీ లెక్కలు చెబుతాయి. మీరు వెళ్లని చోట అవి ఉన్నాయో లేవో ఎవరికీ తెలియదు. అందుచేత అధ్యయన ప్రాంతమంతటినీ సమంగా తాకేలా మార్గాలు నిర్ణయించి, వాటిమీద ఒకే వేగంతో, ఇద్దరు పరిశీలకులు ఎడమ, కుడి వైపులను పంచుకుని చూస్తూ సాగాలి. అలల మీద తెల్లటి నురుగు విరివిగా కనిపించడం మొదలైతే రెక్కలు కంటికి ఆనవు. గాలి బలాన్ని, అలల స్థితిని అంకెల్లో చెప్పే బోఫోర్ట్ కొలమానంలో 3 దాటితే లెక్కింపు ఆపివేయడం మంచి పద్ధతి.

నోటుబుక్కులో డాల్ఫిన్లు కనిపించిన సమయం కంటే, కనిపించకుండా వెతికిన సమయం ఎక్కువ చోటు తీసుకోవాలి. బయల్దేరిన సమయం, జీపీఎస్ నమోదు చేసిన దారి, గాలి, అల, ఎండ మెరుపు, నీటి వేడి, లోతు, ఆపిన సమయం, ఇవన్నీ కలిసినదే ‘శ్రమ లెక్క’. ఆ లెక్క లేకుండా ‘పది గుంపులు చూశాం’ అంటే అది ఎక్కువో తక్కువో చెప్పలేం. చైనాలోని యాంగ్జీ నదిలో బైజీ డాల్ఫిన్ కోసం 2006లో రెండు నౌకలతో, కంటి చూపుతోనూ నీటి అడుగు మైక్రోఫోన్లతోనూ సుమారు 3,500 కిలోమీటర్లు వెతికారు. ఒక్కటీ దొరకలేదు. ఎక్కడ, ఎలా, ఎంతసేపు వెతికారో స్పష్టంగా నమోదై ఉండటం వల్లనే, ఆ జాతి దాదాపు అంతరించిపోయిందన్న నిర్ధారణకు శాస్త్రీయ బలం వచ్చింది. మీ ఖాళీ రోజులకు కూడా అటువంటి విలువే ఉంది. అలసిపోయి ‘ఏమీ లేదు’ అన్న ఒక్క మాటతో పేజీని ముగించకండి.

గుంపు కనిపించాక పడవను ఎలా నడపాలో చూద్దాం. ఎదురుగా వెళ్లకూడదు, నేరుగా వెనక నుంచి తరమకూడదు. పక్కగా, కాస్త వెనకగా చేరి, అవి వెళ్లే దిశకు సమాంతరంగా, వాటి వేగానికి మించకుండా సాగాలి. గుంపు మధ్యలోంచి పడవను పోనివ్వడం, తల్లికీ పిల్లకూ మధ్య దూరడం ఎట్టి పరిస్థితుల్లోనూ చేయకూడదు. అప్పటిదాకా విడివిడిగా తిరుగుతున్నవి ఒక్కసారిగా దగ్గరకు చేరడం, మునకలు పొడవు కావడం, మాటిమాటికీ దిశ మార్చడం, తోకతో నీటిని చరచడం చూస్తే ఇంజను న్యూట్రల్‌లో పెట్టి కొంతసేపు ఆగండి. అవి మామూలు స్థితికి రాకపోతే వదిలి వెళ్లిపోండి. ఒక గుంపుతో గరిష్ఠంగా ఎంతసేపు ఉండాలో ఒడ్డునే నిర్ణయించుకోవాలి. పడవలో ఉన్నప్పుడు ‘ఇంకొక్క ఫొటో’ అనిపించని పరిశోధకులు ఉండరు.

వీపురెక్కే గుర్తింపు కార్డు

నా దృష్టిలో మిగతా పద్ధతులన్నిటికీ పునాది ఇదే. బాటిల్‌నోస్ వంటి జాతుల్లో వీపురెక్క వెనక అంచు పలుచగా ఉంటుంది. తోటి డాల్ఫిన్ల పళ్లు, సొరచేపలు, చేపల వలల తాళ్లు, పడవల మరలు (ప్రొపెల్లర్లు) ఆ అంచును చీలుస్తాయి. ఆ కోతలు, నొక్కులు చాలావరకు జీవితాంతం ఉంటాయి. 1970లలో అర్జెంటీనా తీరంలో, సారసోటాలో సహజమైన ఈ గుర్తుల ఆధారంగా ఒక్కొక్క జంతువును వేరుచేసి చూపినప్పటి నుంచి, డాల్ఫిన్‌కు మనం ఏ గుర్తూ తగిలించకుండానే దాని జీవితాన్ని వెంబడించడం సాధ్యమైంది.

కెమెరాకు 300 మిల్లీమీటర్లకు తగ్గని జూమ్ లెన్స్, సెకనులో వెయ్యో వంతు కంటే వేగమైన షట్టర్ ఉండేలా చూసుకోండి. సూర్యుడు మీ వెనక ఉండాలి. రెక్క మీకు సరిగ్గా అడ్డంగా ఉన్నప్పుడు తీసిన ఫొటోయే పనికొస్తుంది. కాస్త ఏటవాలుగా ఉన్నా లోతైన కోత కూడా లోతు లేనట్టు కనిపిస్తుంది. వీలైతే ఎడమ, కుడి రెండు వైపులూ తీయాలి. అన్నిటికంటే ముఖ్యంగా, పెద్ద గుర్తులున్న ‘పాత పరిచయస్తుల’ వైపే లెన్స్ తిప్పకుండా, నున్నటి రెక్కలతో సహా గుంపులోని ప్రతి జంతువునూ సమానంగా తీయాలి. ఎందుకో కొద్దిసేపట్లో లెక్కలోనే తెలుస్తుంది.

ఒడ్డుకు చేరాక అసలు పని మొదలవుతుంది. ముందుగా ఫొటోలను నాణ్యతను బట్టి వేరుచేయాలి: స్పష్టత, కోణం, రెక్క ఎంత భాగం నీటిపైన ఉంది అన్నవి చూడాలి. రెక్క ఎంత విలక్షణంగా ఉందన్నది ఆ తర్వాత, విడిగా వేయవలసిన అంకె. ఈ రెండింటినీ కలిపేస్తే, మసక ఫొటోలో కూడా పోల్చుకోగలిగిన పెద్ద కోతల జంతువులు లెక్కలోకి వస్తాయి, అదే మసకలో నున్నటివి జారిపోతాయి. మీ అంచనా అక్కడే వంకరపోతుంది.

పోలిక ఎలా ఉంటుందో ఒక ఉదాహరణ చూడండి. తెరమీద రెండు ఫొటోలు పక్కపక్కన ఉన్నాయి. పాతదాంట్లో వెనక అంచున, కొన నుంచి మూడో వంతు దిగువన, చతురస్రంలాంటి ఒక కోత ఉంది; దానికి బాగా కింద రెండు చిన్న నొక్కులు. కొత్తదాంట్లో చతురస్రపు కోత అలాగే ఉంది గానీ, కింద రెండు నొక్కులకు బదులు ఒకటే వెడల్పాటి గుంట కనిపిస్తోంది, రెక్క మీద అంతకుముందు లేని సమాంతర గీతలు నాలుగున్నాయి. కొత్తవారు ఇక్కడ ‘వేరే జంతువు’ అని తీర్పు చెప్పేస్తారు. ఆ గీతలు తోటి డాల్ఫిన్ పళ్లు గీరినవి, కాలంతో పాటు మాసిపోతాయి కనుక వాటిని పక్కన పెట్టాలి. పై కోత లోతును, అది కొన నుంచి ఉన్న దూరాన్ని రెక్క ఎత్తుతో పోల్చి కొలిస్తే రెండు ఫొటోల్లోనూ ఒకే నిష్పత్తి వచ్చింది. కింది రెండు నొక్కుల మధ్య ఉన్న సన్నటి చర్మం చిరిగిపోతే సరిగ్గా ఇటువంటి గుంటే ఏర్పడుతుంది. గుర్తులు కలుస్తాయి, పెరుగుతాయి. పోయిన అంచు మాత్రం తిరిగి పూడి నున్నగా మారడం అరుదు. కాబట్టి కొత్త ఫొటోలో గుర్తులు ఎక్కువైనా భయపడనక్కర్లేదు, పాత ఫొటోలో ఉన్న లోతైన కోత కొత్తదాంట్లో లేకపోతేనే అనుమానించాలి. ప్రతి పోలికనూ ఇద్దరు ఒకరి నిర్ణయం ఒకరికి తెలియకుండా చూసి, ఇద్దరూ అంగీకరిస్తేనే క్యాటలాగులో, అంటే ఒక్కొక్క జంతువుకు ఒక్కో పేజీ ఉన్న ఫొటోల పట్టికలో, చేర్చాలి. ఫిన్‌ఫైండ్‌ఆర్ వంటి సాఫ్ట్‌వేర్లు వేల ఫొటోల్లోంచి దగ్గరి పోలికలను వరుసగా ముందుపెడతాయి, ఎంతో కాలం ఆదా అవుతుంది. తుది తీర్పు మాత్రం మనిషి కంటిదే కావాలి.

ఇప్పుడు లెక్క. మొదటి విడతలో గుర్తులున్న 40 డాల్ఫిన్లను ఫొటో తీశారనుకుందాం. కొన్ని రోజుల తర్వాత రెండో విడతలో 50 దొరికాయి, అందులో 20 మొదటిసారి చూసినవే. అంటే రెండో విడతలో ఐదింట రెండు వంతులు పాతవి. మొదటి 40 కూడా మొత్తంలో అదే వంతు అయి ఉండాలి కనుక, 40ని 50తో హెచ్చించి 20తో భాగిస్తే 100 వస్తుంది. ఇది గుర్తులున్నవాటి సంఖ్య మాత్రమే. నాణ్యమైన ఫొటోలన్నిటిలో గుర్తులున్న రెక్కలు 70 శాతం అయితే, 100ను 0.7తో భాగించి మొత్తం సుమారు 143 అని అంచనా వేస్తాం. నున్నటి రెక్కలను కూడా సమానంగా తీయాలన్నది ఈ 70 శాతం కోసమే. అది తప్పితే ఆఖరి అంకె మొత్తం తప్పుతుంది. ఈ గణితం వెనక కొన్ని నమ్మకాలున్నాయి: రెండు విడతల మధ్య జంతువులు రాలేదు, పోలేదు, పుట్టలేదు, చావలేదు, ప్రతి జంతువూ దొరికే అవకాశం సమానం. నిజ జీవితంలో ఇవి పూర్తిగా నెరవేరవు కనుక విడతలను పెంచి, అటువంటి తేడాలను లెక్కలోకి తీసుకునే గణిత నమూనాలు వాడతారు.

పిల్లలకు రెక్క మీద గుర్తులుండవు. అప్పుడే పుట్టిన పిల్ల ఒంటి పక్కల మీద, గర్భంలో ముడుచుకుని ఉన్నందువల్ల ఏర్పడిన పాలిపోయిన నిలువు చారలు కొంతకాలం కనిపిస్తాయి. అవి ఉంటే పుట్టి ఎక్కువ కాలం కాలేదని అర్థం. పిల్ల తల్లి పక్కనే, కాస్త కిందుగా అంటిపెట్టుకుని ఈదుతుంది. ఒక్కసారి అలా కనిపించినంత మాత్రాన తల్లి ఎవరో తేల్చకండి. ఇతర ఆడ డాల్ఫిన్లు కూడా పిల్లలకు కాసేపు తోడు వెళ్తాయి. వేర్వేరు రోజుల్లో పదేపదే అదే జత కనిపించినప్పుడే రాయాలి. బాటిల్‌నోస్ పిల్లలు సాధారణంగా 3 నుంచి 6 ఏళ్లు తల్లితోనే ఉంటాయి కనుక తొందర అవసరం లేదు.

ప్రవర్తనను రాయడం

ఎత్తుగా దూకిన డాల్ఫిన్ అందరికీ కనిపిస్తుంది, నీటిమట్టానికి అడుగు కింద విశ్రమిస్తున్నది కనిపించదు. కంటికి ఇంపైనదాన్నే రాసుకుంటూ పోతే డాల్ఫిన్లు రోజంతా ఆడుతూనే ఉంటాయన్న చిత్రం తయారవుతుంది. ఈ పక్షపాతానికి విరుగుడుగా జంతు ప్రవర్తన శాస్త్రవేత్త జీన్ ఆల్ట్‌మన్ 1974లో ప్రవర్తనను నమూనాలుగా సేకరించే పద్ధతులను వివరించారు, జంతు ప్రవర్తన చదివే ప్రతి ఒక్కరూ నేటికీ వాటి మీదే ఆధారపడుతున్నారు. ఆచరణలో ఇలా చేయండి: గడియారం ఐదు నిమిషాలకోసారి మోగేలా పెట్టుకుని, మోగిన క్షణంలో గుంపులో సగానికి పైగా ఏం చేస్తున్నాయో రాయండి. ప్రయాణం, వేట, సాంఘికం, విశ్రాంతి, ఈ నాలుగు స్థితులూ చాలు. ప్రతిదానికీ కంటికి కనిపించే ఆనవాళ్లతో నిర్వచనం ఉండాలి. ‘సంతోషంగా ఉన్నాయి’ అన్నది నిర్వచనం కాదు. దూకడం, తోక చరచడం వంటి క్షణికమైన పనులను వేరే వరుసలో లెక్కించాలి.

‘గుంపు’ అన్న మాటకు కూడా నిర్వచనం కావాలి. షార్క్ బేలో వాడుతున్న పద్ధతి ప్రకారం, ఏదో ఒక సభ్యునికి 10 మీటర్ల లోపు ఉన్న ప్రతి డాల్ఫిన్ ఆ గుంపులోదే, గొలుసులో లింకుల్లాగా. దీని ఆధారంగా సాంగత్యాన్ని కొలవవచ్చు. ఒక డాల్ఫిన్ 20 సార్లు, మరొకటి 30 సార్లు కనిపించి, అందులో 10 సార్లు కలిసి ఉంటే, 10ని ఆ రెండింటి సగటైన 25తో భాగిస్తాం; 0.4 వస్తుంది. ఎప్పుడూ విడిగా ఉండే జతకు సున్నా, ఎప్పుడూ కలిసి ఉండే జతకు 1. షార్క్ బేలో మగ డాల్ఫిన్లు రెండు మూడు కలిసి జట్లు కడతాయని, ఆ జట్లు మళ్లీ పెద్ద కూటములుగా ఏర్పడతాయని తెలిసింది ఇటువంటి లెక్కలను ఏళ్ల తరబడి పేర్చడం వల్లనే.

అక్కడే 1984లో ఒక ఆడ డాల్ఫిన్ ముట్టె మీద ఏదో గడ్డలాంటిది కనిపించింది. అది సముద్రపు స్పాంజి అని తర్వాత తెలిసింది. సముద్రం అడుగున ఇసుకలో, గులకలో దాగిన చేపలను కదిలించేటప్పుడు ముట్టె గీసుకుపోకుండా ఆ డాల్ఫిన్లు స్పాంజిని తొడుగులా వాడతాయి. ఈ పని ఎక్కువగా ఆడవాటిలో కనిపిస్తుందని, తల్లి నుంచి బిడ్డకు అందుతుందని తేల్చడానికి, ఏ పిల్ల ఏ తల్లిదో ముందే తెలిసి ఉండాలి. క్యాటలాగు లేకపోతే అది ఒక వింతగానే మిగిలేది.

నీటి కింద వినడం

హైడ్రోఫోన్ (నీటి అడుగు మైక్రోఫోన్) దించే ముందు ఇంజను, ధ్వనితో లోతు కొలిచే డెప్త్ సౌండర్ రెండూ ఆపండి. డాల్ఫిన్ల ఈలల కోసం ధ్వనిని సెకనుకు 96,000 సార్లు కొలిచే, అంటే అన్ని నమూనాలు తీసే, రికార్డరు సరిపోతుంది. దారిని, ఎరను పసిగట్టడానికి అవి వదిలే క్లిక్కుల శక్తి 100 కిలోహెర్ట్జ్ దాటి ఉంటుంది. నమోదు చేయదలచిన అత్యధిక పౌనఃపున్యానికి కనీసం రెట్టింపు నమూనాలు అవసరం కనుక, వాటికి సెకనుకు 3 లక్షలకు పైగా నమూనాలు తీసే పరికరం కావాలి.

ప్రతి బాటిల్‌నోస్ డాల్ఫిన్‌కూ తనదైన ఒక ఈల ఉంటుందని పరిశోధకులైన కాల్డ్‌వెల్ దంపతులు 1965లో చెప్పారు. దాన్ని సంతకపు ఈల అంటారు. స్కాట్లాండ్ తీరంలో స్వేచ్ఛగా తిరిగే డాల్ఫిన్లకు వాటి ఈల నకలునే వినిపిస్తే అవి బదులిచ్చాయని, ఇతరుల ఈలలకు అలా స్పందించలేదని 2013లో పరిశోధకులు స్టెఫనీ కింగ్, విన్సెంట్ జానిక్ చూపారు. మీ రికార్డుల్లో ఒకే ఆకారపు ఈల 1 నుంచి 10 సెకన్ల విరామంతో మళ్లీ మళ్లీ వస్తే అది సంతకపు ఈల కావచ్చు. అయితే అది పైన కనిపిస్తున్న జంతువుదే అని ఒక్క హైడ్రోఫోన్‌తో చెప్పలేం. ఈల వేసేటప్పుడు డాల్ఫిన్ నోరు తెరవదు.

కొన్ని జాతుల విషయంలో ధ్వనే ప్రధాన మార్గం. గంగా నది డాల్ఫిన్ దాదాపు చూపులేనిది, బురదనీటిలో ఉంటుంది, క్షణకాలం మాత్రమే పైకి వస్తుంది. దాని వీపు మీద ఉన్నది పొట్టి ఉబ్బే తప్ప అంచు చూసి గుర్తుపట్టగల రెక్క కాదు. అక్కడ ఫొటో గుర్తింపు మీద ఆశలు పెట్టుకోకుండా, విడివిడిగా ఇద్దరు పరిశీలకుల లెక్కను హైడ్రోఫోన్ నమోదుతో కలిపి చూడాలి.

ఆరోగ్యాన్ని అంచనా వేయడం

డాల్ఫిన్‌కు తక్కువ ఇబ్బంది కలిగించే పద్ధతితో మొదలుపెట్టి, ప్రశ్నకు అవసరమైనప్పుడే పై మెట్టు ఎక్కాలి. గుర్తింపు కోసం తీసిన ఫొటోల్లోనే చాలా సమాచారం ఉంటుంది. శ్వాసరంధ్రం వెనక, మెడ ఉండవలసిన చోట పల్లం పడి తల వేరుశనగకాయలా నొక్కుకుపోయినట్టు కనిపిస్తే ఆ జంతువు బాగా చిక్కిపోయిందని అర్థం. చర్మం మీది మచ్చల రంగు, అంచు, వ్యాప్తి రాసిపెట్టండి. ఆస్ట్రేలియాలోని గిప్స్‌లాండ్ సరస్సుల్లో 2007లో చనిపోయిన డాల్ఫిన్ల ఒంటిమీది విస్తారమైన పుండ్లకు, నీటిలో ఉప్పదనం హఠాత్తుగా పడిపోవడమే కారణమని తర్వాత తేలింది. కనుక మచ్చల ఫొటో పక్కన ఆరోజు నీటి ఉప్పదనం అంకె ఉండాలి.

డ్రోన్‌తో పైనుంచి తీసిన చిత్రాల్లో పొడవును, వెడల్పును కొలవవచ్చు. మోరే ఫర్త్‌లో ఇలాగే గర్భంతో ఉన్నవాటిని గుర్తించగలిగారు. డ్రోన్ ఎత్తు అంకె తప్పితే కొలతలన్నీ తప్పుతాయి కనుక, పొడవు తెలిసిన వస్తువును నీటిపై ఉంచి ప్రతిసారీ సరిచూసుకోవాలి.

బయాప్సీ తర్వాతి మెట్టు. శిక్షణ పొందినవారు అడ్డవిల్లుతో గానీ ప్రత్యేకంగా మార్చిన తుపాకీతో గానీ చిన్న గొట్టపు ములుకున్న బాణాన్ని వీపురెక్కకు దిగువన, పక్కభాగంలో తగిలిస్తారు. అది తగిలి వెనక్కి ఎగిరి నీటిపై తేలుతుంది, ములికిలో చర్మం, కొవ్వుపొర ముక్క మిగులుతుంది. పసిపిల్లల మీద, వాటితో ఉన్న తల్లుల మీద ఇది చేయకూడదు. నమూనాను అక్కడే భాగాలు చేయాలి: చర్మం జన్యు పరీక్షకు, లింగ నిర్ధారణకు, ఆహారపు ఆనవాళ్లకు, కొవ్వు హార్మోన్లకు, విషరసాయనాలకు. రసాయనాల కోసం ఉంచే భాగాన్ని ప్లాస్టిక్‌కు తగలనివ్వకుండా శుభ్రమైన గాజు సీసాలో పెట్టి వెంటనే గడ్డకట్టించాలి. ఆ బాణం ఏ జంతువుకు తగిలిందో చూపే వీపురెక్క ఫొటో అదే క్షణంలో ఉండాలి. ఆడ డాల్ఫిన్లు తమ కొవ్వులో పోగైన పీసీబీ (పరిశ్రమల్లో వాడిన విషరసాయనాలు) వంటి రసాయనాలను పాల ద్వారా బిడ్డలకు దించేస్తాయి, అందులో తొలిచూలు బిడ్డకే ఎక్కువ భారం పడుతుంది. ఎన్నో కాన్పో తెలియని ఆడ డాల్ఫిన్ కొవ్వులోని అంకెకు సరైన అర్థం చెప్పడం కష్టం.

పట్టుకుని పరీక్షించి వదలడం చివరి మెట్టు. లోతు తక్కువ నీటిలో వల చుట్టి, పశువైద్యుల పర్యవేక్షణలో, తోకరెక్క నుంచి రక్తం తీసి, అల్ట్రాసౌండ్‌తో ఊపిరితిత్తులను చూసి, బరువు, పొడవు కొలిచి వదిలేసే ఈ పనికి పెద్ద బృందం, ఏళ్ల సాధన కావాలి; కొత్తవారు సహాయకులుగా చేరి నేర్చుకోవాలే తప్ప సొంతంగా తలపెట్టకూడదు. అయినా దీని విలువ గొప్పది. 2010లో మెక్సికో గల్ఫ్‌లో డీప్‌వాటర్ హొరైజన్ చమురు ప్రమాదం జరిగాక, మరుసటి ఏడాది లూసియానాలోని బరటారియా బేలో డాల్ఫిన్లను ఇలాగే పరీక్షించారు. మధ్యస్థం నుంచి తీవ్రస్థాయి ఊపిరితిత్తుల వ్యాధి అక్కడ సారసోటా డాల్ఫిన్లతో పోలిస్తే ఐదు రెట్లు ఎక్కువగా ఉంది. అల్ట్రాసౌండ్‌లో గర్భం కనిపించినవాటిని తర్వాతి నెలల్లో వీపురెక్క ఫొటోలతో వెంబడిస్తే, వాటిలో 20 శాతమే బతికే పిల్లలను కన్నాయని తేలింది. సారసోటా వంటి పోలిక సమూహంలో అది 83 శాతం. ఆపద వచ్చాక ఆరోగ్యవంతమైన సమూహం కోసం వెతుక్కోవలసిన పని లేకుండా, దశాబ్దాలుగా సేకరించిన సారసోటా లెక్కలు సిద్ధంగా ఉన్నాయి.

ఒడ్డుకు కొట్టుకొచ్చినప్పుడు

ప్రాణంతో ఉన్న డాల్ఫిన్ ఒడ్డున కనిపిస్తే నీటిలోకి తోయకండి. అధికారులకు, రక్షక బృందానికి చెప్పి, వాళ్లు వచ్చేదాకా నీడ కల్పించి, ఒంటిని తడిగుడ్డలతో కప్పి, శ్వాసరంధ్రంలోకి నీరు, ఇసుక పోకుండా చూడండి. జనాన్ని దూరంగా ఉంచండి.

చనిపోయినదైతే, అనుమతి ఉన్న బృందంతో, చేతితొడుగులు, మాస్కు ధరించి పని మొదలుపెట్టాలి. బ్రుసెల్లా వంటి సూక్ష్మజీవులు మనుషులకూ సోకగలవు. శవం స్థితికి 2 నుంచి 5 దాకా సంకేతాలున్నాయి: 2 తాజాది, 3 కొంత కుళ్లినది, 4 బాగా కుళ్లినది, 5 ఎండిన తోలు, ఎముకలు మిగిలినది. 1 అంటే ప్రాణంతో దొరికినది. సంకేతం 2 అయితే సూక్ష్మజీవ పరీక్షల దాకా అన్నీ చేయవచ్చు, 4 అయినా జన్యువులు, పళ్లు, కడుపులోని చేపల చెవిరాళ్లు (చేప తలలో ఉండే చిన్న గట్టి రాళ్లు) దొరుకుతాయి. పొడవును పైదవడ కొన నుంచి తోకరెక్కల మధ్య నొక్కు దాకా, ఒంటి వంపు వెంట కాకుండా సరళరేఖలో కొలవాలి. వల తాళ్ల ముద్రలు, పడవ మర కోతలు ఉన్నాయేమో చర్మం కడగకముందే ఫొటో తీయాలి. అమెరికా అట్లాంటిక్ తీరంలో 2013 నుంచి 2015 దాకా 1,600కు పైగా డాల్ఫిన్లు కొట్టుకొచ్చినప్పుడు, మార్బిలివైరస్ అనే వైరస్ కారణమని తేల్చగలిగింది శవాలను ఒక్కొక్కటిగా ఇలా నమోదు చేసి పరీక్షించిన బృందాలే.

కింది దవడ మధ్యలో నిటారుగా ఉన్న ఒక పన్నును తీసి భద్రపరచండి. దాన్ని పలుచటి పొరలుగా కోసి, రంగు పట్టించి సూక్ష్మదర్శినిలో చూస్తే చెట్టు వలయాల్లాంటి పొరలు కనిపిస్తాయి. బాటిల్‌నోస్‌లో ఏడాదికి ఒకటి చొప్పున లెక్క. సారసోటాలో 60 ఏళ్లు దాటిన ఆడ డాల్ఫిన్లు ఉన్నాయని తెలిసింది పళ్ల పొరల నుంచి, అర్ధశతాబ్దపు ఫొటోల నుంచి.

అన్నిటికంటే ముందు శవం వీపురెక్కను రెండు వైపులా, కొలబద్ద పక్కన పెట్టి ఫొటో తీసి, అదేరోజు క్యాటలాగుతో పోల్చండి. పోలిక దొరికితే ఆ డాల్ఫిన్ పేజీని తొలగించకండి, వేరే దస్త్రంలోకి మార్చకండి. చనిపోయిన తేదీ, సంకేతం, పన్ను నమూనా సంఖ్య, కడుపులో దొరికినవాటి జాబితా అదే పేజీలో చేర్చండి. అది ఆడదైతే, దాని వెంట ఆఖరిసారి కనిపించిన పిల్ల ఏదో చూసి, ఆ పిల్ల పేజీలో తల్లి చనిపోయిన తేదీని రాసి, తర్వాతి సర్వేలో మొదట వెతకవలసిన జంతువుగా దాని ఫొటోను పడవలోకి తీసుకువెళ్లండి.